నర్సింగ్ వృత్తిలో నైతిక సూత్రాలు, విలువలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నర్సింగ్ విద్యార్థులు, కొత్తగా డ్యూటీలో చేరినవాళ్లు, ఒక్కోసారి రోగుల బంధువులు కూడా మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. పరీక్ష కోసం నిర్వచనాలు కావాలంటే పుస్తకాలున్నాయి. ఇక్కడ రాసినవి వార్డులో నిలబడ్డప్పుడు ఎదురయ్యే సంగతులు. డాక్టరు రౌండ్‌కి వచ్చి కాసేపుండి వెళ్తారు. నర్సు షిఫ్టు మొత్తం అక్కడే ఉంటారు. అందుకే మంచి చెడ్డల చిక్కు ఏది వచ్చినా ముందు నర్సు కంటే పడుతుంది. ఆ సమయంలో ఏమీ అనకుండా ఊరుకోవడం కూడా ఒక నిర్ణయమే.

చట్టం, ఆస్పత్రి రూల్స్ ఉన్నాయి కదా. మళ్లీ నైతిక విలువలు ఎందుకు?

చట్టం చెప్పేది కనీసం ఎంత చేయాలో మాత్రమే. కర్టెన్ వేయకుండా రోగికి ఒళ్లు తుడిస్తే ఎవరూ కేసు పెట్టరు. రోగి వింటుండగానే ఆయన మంచం మీదుగా ఇద్దరు సిబ్బంది తమ సొంత కబుర్లు చెప్పుకుంటే దానికి శిక్ష లేదు. పేరు పెట్టి పిలవకుండా 'ఆరో నంబర్ బెడ్' అంటే ఏ రూలూ అడ్డు రాదు. కానీ ఆ మంచంలో ఉన్న మనిషికి మాత్రం తన విలువ తగ్గిపోయినట్టే అనిపిస్తుంది. రోజువారీ పనిలో నైతికత ఎక్కువగా ఇలాంటి చోట్లే తేలుతుంది.

అంతర్జాతీయ నర్సుల మండలి తన నియమావళిని 1953లో తెచ్చింది. తర్వాత చాలాసార్లు సవరించింది. 2021 నాటి సవరణ ప్రకారం నర్సు బాధ్యతలు ఇవి: ఆరోగ్యాన్ని పెంచడం, జబ్బు రాకుండా చూడడం, వచ్చిన జబ్బు నుంచి కోలుకునేలా చేయడం, బాధ తగ్గించడం, మరణం గౌరవంగా జరిగేలా చూడడం. ఆ చివరి మాటను అందులో చేర్చడం నాకెంతో నచ్చింది. బతికించలేకపోయిన రోగి దగ్గర కూడా నర్సు చేయాల్సిన పని చాలా మిగిలి ఉంటుందని అది ఒప్పుకుంటోంది.

ముఖ్యమైన సూత్రాలు ఏవి?

సాధారణంగా చెప్పేవి నాలుగు. తన శరీరం గురించి తాను నిర్ణయించుకునే హక్కు రోగిదే అన్నది మొదటిది. రోగికి మేలు జరిగేలా చూడడం, హాని చేయకపోవడం, అందరినీ న్యాయంగా చూడడం మిగతా మూడు. నర్సింగ్‌లో వీటికి తోడుగా నిజం చెప్పడం, ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం, గోప్యత, జవాబుదారీతనం కూడా చెబుతారు.

వీటిలో మాట నిలబెట్టుకోవడాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 'పది నిమిషాల్లో వస్తాను' అని చెప్పి రాకపోతే మనకు అది మరుపు. కదల్లేని మనిషికి మాత్రం ఆ పది నిమిషాలూ గడియారం చూస్తూ గడుస్తాయి. రావడం కుదరకపోతే ఎవరితోనైనా కబురు పంపండి.

రెండు సూత్రాలు ఒకదానికొకటి అడ్డొస్తే ఏం చేయాలి?

వార్డులో చిక్కంతా ఇక్కడే వస్తుంది. తుంటి ఎముక విరిగిన పెద్దావిడ ఒకరు మంచంలో ఉన్నారనుకోండి. పడక పుండ్లు రాకుండా ఆవిడను తరచూ పక్కకు తిప్పాలి. తిప్పబోతే 'వద్దమ్మా, ప్రాణం పోతోంది, నన్నిలా వదిలెయ్' అంటారు. తిప్పకపోతే హాని, తిప్పితే ఆవిడ మాట కాదన్నట్టు.

ఇక్కడ చాలామందికి రెండే దారులు కనిపిస్తాయి. బలవంతంగా తిప్పడం ఒకటి, చార్టులో 'రోగి నిరాకరించారు' అని రాసి వెళ్లిపోవడం ఇంకొకటి. నా ఉద్దేశంలో రెండూ పని ఎగ్గొట్టడమే. ఆవిడ వద్దంటున్నది తిప్పడాన్నా, నొప్పినా? నొప్పి మందు ఎప్పుడు ఇచ్చారు, అది పనిచేసే వేళకు తిప్పితే ఎలా ఉంటుంది? పూర్తిగా పక్కకు కాకుండా 30 డిగ్రీలు వంచి వీపు వెనక దిండు పెడితే సరిపోతుందా? 'మూడు లెక్కపెట్టి తిప్పుతాం, ఆపమంటే ఆపేస్తాం' అని ముందే చెప్పారా? ఇవన్నీ అడిగి చూస్తే సగం సందర్భాల్లో సూత్రాల గొడవే ఉండదు. మనం సరిగ్గా వినకపోవడం వల్లే అది గొడవలా కనిపించి ఉంటుంది. అన్నీ చేశాక కూడా, ఏం జరుగుతుందో తెలిసే ఆవిడ వద్దంటే, ఆ మాటకు విలువివ్వాలి. డాక్టరుకు చెప్పాలి, రాయాలి, కాసేపాగి మళ్లీ అడగాలి.

రోగి ప్రాణాలు నిలిపే చికిత్సనే వద్దంటే?

ముందు చూడాల్సింది నిర్ణయం తీసుకునే సామర్థ్యం. చెప్పింది అర్థమవుతోందా, గుర్తుంటోందా, లాభనష్టాలు బేరీజు వేసుకోగలుగుతున్నారా, తన నిర్ణయాన్ని ఏదో ఒక విధంగా తెలియజేయగలుగుతున్నారా? ఇవి ఉంటే ఆ నిర్ణయం మనకు నచ్చకపోయినా అది ఆయనదే. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖవాళ్లు రక్తం ఎక్కించుకోరు. వాళ్లను మూర్ఖుల్లా చూడడం నర్సు పని కాదు. రక్తం లేకుండా ఇంకేం చేయవచ్చో బృందంతో మాట్లాడి చూడాలి.

సామర్థ్యం అన్నది ఉందా లేదా అని ఒక్కసారి తేల్చేసే విషయం కాదు. మతిమరుపు జబ్బున్న మనిషి పెద్ద ఆపరేషన్ గురించి నిర్ణయించలేకపోవచ్చు. స్నానం ఇప్పుడు కావాలా, సాయంత్రమా అన్నది మాత్రం హాయిగా చెప్పగలరు. పొద్దున తికమకగా ఉన్నవాళ్లు మధ్యాహ్నానికి తేరుకోవచ్చు. జ్వరం, ఇన్ఫెక్షన్, మందుల మత్తు, చెవి మిషన్ పెట్టుకోకపోవడం, వీటిలో ఏదున్నా సామర్థ్యం లేనట్టే కనిపిస్తుంది. అందుకే తొందరపడి తేల్చేయకూడదు.

కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టించడం నర్సు పనే కదా?

చికిత్స ఏమిటో, ప్రమాదాలేమిటో, వేరే దారులేమున్నాయో వివరించాల్సింది ఆ చికిత్స చేసేవాళ్లు. చాలా చోట్ల నర్సు సాక్షిగా సంతకం చేస్తారు. కానీ ఫారం చేతికిచ్చి 'ఇక్కడ, ఇక్కడ పెట్టండి' అంటే అది సమ్మతి అనిపించుకోదు.

ఒక చిన్న పద్ధతి పెట్టుకోండి. సంతకానికి ముందు 'రేపు మీకేం చేయబోతున్నారో మీ మాటల్లో చెప్పండి' అని అడగండి. 'ఏమో సిస్టర్, డాక్టరుగారు ఏదో చెప్పారు, మీరు పెట్టమంటే పెడతాను' అన్నారంటే ఆ మనిషికి ఏమీ అర్థం కాలేదన్నమాట. పెన్ను పక్కన పెట్టి డాక్టర్ని మళ్లీ పిలవాలి. ఆలస్యమైందని ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఇంజెక్షన్, కాథెటర్ (మూత్రం గొట్టం) లాంటి చిన్న పనులకు ఫారం ఉండదు గానీ అక్కడా చెప్పి, ఒప్పుకున్నాకే చేయి వేయాలి.

స్పృహ లేని రోగి విషయంలో నర్సు ఎలా నిలబడాలో చెప్పడానికి 2017లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో జరిగిన సంఘటన చాలు. ప్రమాదంలో కాలిపోయి స్పృహ తప్పిన రోగి నుంచి రక్తం తీయాలని ఒక డిటెక్టివ్ వచ్చాడు. వారంటు లేదు, రోగి అరెస్టులో లేడు, సమ్మతి ఇచ్చే స్థితిలో లేడు. అలెక్స్ వబుల్స్ అనే నర్సు ఆస్పత్రి నిబంధన కాగితం చేతిలో పట్టుకుని, పై అధికారిని ఫోన్ స్పీకర్‌లో ఉంచి, కుదరదని చెప్పారు. ఆమె చేతులకు బేడీలు వేసి తీసుకెళ్లారు. తర్వాత ఆమెపై ఏ కేసూ పెట్టలేదు. ఆ డిటెక్టివ్ ఉద్యోగం పోయింది. కుదరదని చెప్పేటప్పుడు ఆమె గొంతు పెంచలేదు. నిబంధన తెలుసుకుని, పైవాళ్లను కలుపుకుని, మర్యాదగా కాదన్నారు. నేర్చుకోవాల్సింది ఆ తీరు.

'జబ్బు సంగతి ఆయనకు చెప్పొద్దు' అని ఇంట్లోవాళ్లు బతిమాలితే?

దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. వాళ్లు అలా అడిగేది ప్రేమతోనే. అందుకే మొదట వాళ్ల మీద విరుచుకుపడకూడదు. 'చెబితే ఏమవుతుందని భయపడుతున్నారు?' అని అడగండి. ఆ భయం బయటికి వస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. జబ్బు పేరు మొదటిసారి చెప్పడం మామూలుగా డాక్టరు బాధ్యత అనీ, మీ అంతట మీరు వెళ్లి చెప్పబోరనీ, అలాగని రోగి సూటిగా అడిగితే అబద్ధం ఆడలేరనీ వాళ్లకు స్పష్టంగా చెప్పండి.

అసలు పరీక్ష రాత్రి డ్యూటీలో వస్తుంది. లైట్లన్నీ ఆర్పేశాక రోగి చేయి పట్టుకుని 'సిస్టర్, నాకు క్యాన్సరా?' అంటారు. 'అబ్బే, అలాంటిదేం లేదు, పడుకోండి' అనడం చాలా తేలిక. కానీ రేపు నిజం తెలిసిన రోజు ఆయన ఇక మన మాట ఏదీ నమ్మరు. కుర్చీ లాక్కుని కూర్చోండి. 'మీకెందుకలా అనిపిస్తోంది?' అనండి. 'డాక్టరుగారు మీకేం చెప్పారు?' 'అన్నీ వివరంగా తెలుసుకోవాలనుకుంటున్నారా, లేక ఇంట్లోవాళ్లతో మాట్లాడితే చాలనుకుంటున్నారా?' తెలుసుకోవాలంటే, పొద్దున్నే డాక్టరు వచ్చి మీతో కూర్చుని మాట్లాడేలా చూస్తానని చెప్పి, ఆ పని తప్పకుండా చేయండి. వద్దంటే ఆ కోరికనూ గౌరవించాలి. తెలుసుకునే హక్కుతో పాటు తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా ఆయనదే. కాకపోతే ఆ మాట ఆయన నోటి నుంచి రావాలి, ఆయన తరఫున మరొకరు తేల్చకూడదు.

గోప్యత విషయంలో ఎక్కువగా ఎక్కడ తప్పు జరుగుతుంది?

ఫైళ్ల దొంగతనాలు అరుదు. లిఫ్టులో, క్యాంటీన్‌లో, వార్డు బయట నిలబడి మాట్లాడుకునేటప్పుడే ఎక్కువగా జారిపోతుంది. ఇప్పుడు ఫోన్ కూడా తోడైంది. గాయం ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి 'పేరు రాయలేదు కదా' అంటారు. పచ్చబొట్టు, వెనక కనిపించే బెడ్ నంబర్, తేదీ చాలు, తెలిసినవాళ్లు గుర్తుపట్టేస్తారు. మీ సంరక్షణలో లేని రోగి రికార్డు తెరిచి చూడడం కూడా తప్పే, ఆ రోగి మీ చుట్టమైనా సరే.

మినహాయింపులూ ఉన్నాయి. పిల్లల మీద హింస జరుగుతోందన్న అనుమానం, ఇంకొకరి ప్రాణానికి ముప్పు, చట్టప్రకారం తెలియజేయాల్సిన అంటువ్యాధి, వీటి గురించి చెప్పాల్సినవాళ్లకు చెప్పి తీరాలి. అందుకే 'ఎవరికీ చెప్పనని మాటివ్వండి' అని రోగి అడిగితే వినకముందే మాటివ్వకండి. 'మీ భద్రతకు సంబంధించినదైతే బృందంతో పంచుకోవాల్సి రావచ్చు' అని ముందే చెప్పండి.

డాక్టరు రాసిన ఆర్డరు తప్పనిపిస్తే?

ఇవ్వకండి, అడగండి. అది అవిధేయత కాదు, మీ పనిలో భాగం. 1953 నాటి అంతర్జాతీయ నియమావళిలో డాక్టరు ఆదేశాలను తెలివిగా, విశ్వాసంతో అమలు చేయడం నర్సు విధి అని ఉండేది. అనైతికమైన పనిలో పాలుపంచుకోకూడదని అప్పుడే చెప్పినా మొగ్గు విధేయత వైపే. 1973 సవరణలో అది మారింది. నర్సింగ్ సంరక్షణ అవసరమైన మనుషుల పట్లే నర్సు ప్రధాన బాధ్యత అని రాశారు.

ఈ మార్పు ఎంత అవసరమో 1966లో హాఫ్లింగ్ అనే మానసిక వైద్యుడి బృందం ప్రచురించిన ప్రయోగం చూస్తే తెలుస్తుంది. ముక్కూ మొహం తెలియని 'డాక్టరు' ఫోన్ చేసి ఒక మందు 20 మిల్లీగ్రాములు ఇవ్వమంటాడు. సీసా మీద రోజుకు 10 మిల్లీగ్రాములు మించకూడదని స్పష్టంగా రాసి ఉంది. 22 మంది నర్సుల్లో 21 మంది ఇవ్వడానికి బయల్దేరారు. మధ్యలో ఆపేశారు, అది నిజమైన మందు కూడా కాదు. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. కాదనడం ఎవరూ నేర్పలేదు, అంతే.

ఎలా అనాలో ముందే నోటికి అలవాటు చేసుకోవాలి. 'డాక్టర్, ఈ రోగి కిడ్నీ రిపోర్టు చూస్తే ఈ మోతాదు ఎక్కువేమోనని నాకు ఆందోళనగా ఉంది. ఒకసారి చూస్తారా?' అక్కడ తేలకపోతే 'ఇది రోగి భద్రతకు సంబంధించిన విషయం, చూసేదాకా ఇవ్వలేను' అనండి. అప్పటికీ వినకపోతే ఇన్‌చార్జి సిస్టర్, సీనియర్ డాక్టరు, ఫార్మసిస్టు ఉన్నారు. ఏ సమయానికి ఎవరితో ఏం మాట్లాడారో చార్టులో రాయండి. మీ కోపం మాత్రం అందులో రాయకండి.

మందు ఇవ్వడంలో పొరపాటు జరిగింది, రోగికి ఏమీ కాలేదు. చెప్పాలా?

చెప్పాలి. మొదట రోగిని చూడండి, తర్వాత డాక్టరుకు, ఇన్‌చార్జికి చెప్పండి, రిపోర్టు రాయండి. రోగికీ తెలియజేయాలి. ఒకేలా కనిపించే రెండు ఇంజెక్షన్ సీసాలు పక్కపక్కన ఉన్నందుకు మీ చేయి తడబడితే, రేపు ఇంకొకరి చేయీ తడబడుతుంది. మీరు దాస్తే ఆ సీసాలు అక్కడే ఉంటాయి.

శిక్ష పడుతుందన్న భయం ఉత్తదని నేను అనను. అమెరికాలో రాడోండా వాట్ అనే నర్సు 2017లో మత్తు మందు బదులు కండరాలను స్తంభింపజేసే మందు ఇచ్చారు. రోగి చనిపోయారు. ఆమె తన తప్పును ఒప్పుకున్నారు. 2022లో కోర్టు ఆమెను దోషిగా తేల్చి 3 సంవత్సరాల ప్రొబేషన్ (జైలుకు పంపకుండా పర్యవేక్షణలో ఉంచే శిక్ష) విధించింది. ఇలాగైతే తప్పులు బయటపెట్టేదెవరని ఎందరో నర్సులు ఆవేదన పడ్డారు, నేనూ వాళ్లతోనే ఏకీభవిస్తాను. నిర్లక్ష్యాన్నీ, మనిషన్నాక జరిగే పొరపాటునూ వేరుచేసి చూడడం యాజమాన్యాల నైతిక బాధ్యత. అయినా దాచడం వల్ల నష్టపోయేది రోగే కాబట్టి నర్సు వైపు నుంచి సమాధానం మారదు.

పడిపోతారని రోగి చేతులు కట్టేయడం తప్పా?

అన్నీ ప్రయత్నించాక, ఇక దారి లేనప్పుడు, తక్కువ సమయానికి, ఆర్డరుతో మాత్రమే. సిబ్బంది తక్కువగా ఉన్నారన్నది కారణం కాకూడదు. కట్లు పీక్కుంటున్న, లేచి పోతున్న రోగికి ఏదో ఒక ఇబ్బంది ఉండే ఉంటుంది. మూత్రం వస్తోందేమో, నొప్పేమో, కళ్లజోడు లేక ఏమీ కనిపించక బెదిరిపోయారేమో చూడండి. మంచం ఎత్తు తగ్గించండి, నర్సుల టేబుల్‌కు దగ్గరగా మార్చండి, ఇంటివాళ్లను పక్కన ఉండమనండి. కట్టక తప్పకపోతే వేళ్ల రంగు, చల్లదనం, చర్మం తరచూ చూస్తూ, నీళ్లు, టాయిలెట్ అడుగుతూ, వీలైనంత త్వరగా విప్పాలి.

చివరి రోజుల్లో మార్ఫిన్ ఇస్తే ప్రాణం తీసినట్టు కాదా?

కాదు. నొప్పి, ఆయాసం తగ్గించడానికి తగిన మోతాదులో, రోగిని గమనిస్తూ ఇచ్చినప్పుడు ఉద్దేశం ఉపశమనమే. చనిపోవాలని ఇవ్వడం వేరు. చివరి డోసు ఇచ్చిన నర్సుకు 'నా చేతి మీదుగానే పోయారా' అన్న బాధ ఉంటుంది. ఆ రోగి జబ్బుతో పోయారు, మీరు నొప్పి లేకుండా చూశారు. భయంతో డోసు వాయిదా వేస్తే మూలుగుతూ పోయేవారు.

అందరినీ సమానంగా చూడడం అంటే అందరికీ ఒకే సమయం కేటాయించడమా?

అవసరాన్ని బట్టి కేటాయించడం. ఆయాసపడుతున్న రోగి దగ్గర గంట గడిపి, కోలుకుంటున్నవారి దగ్గర ఐదు నిమిషాలుంటే అది అన్యాయం కాదు. పలుకుబడి ఉన్నవాళ్ల గదిలో గంటసేపు ఉండి, తిట్టే రోగి బెల్ నొక్కితే నెమ్మదిగా వెళ్లడం మాత్రం అన్యాయమే. ఖైదీ అయినా, తాగి పడిపోయినవాడైనా, ఆత్మహత్యకు ప్రయత్నించినవారైనా నొప్పి నొప్పే.

వార్డులో పరిశోధన జరుగుతుంటే నర్సుకేం సంబంధం?

చాలా ఉంది. అమెరికాలోని అలబామాలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ ఆరోగ్య శాఖ సుమారు 600 మంది నల్లజాతి పురుషుల మీద సిఫిలిస్ అధ్యయనం నడిపింది. వాళ్లలో 399 మందికి ఆ జబ్బు ఉంది. 1947 నాటికే పెన్సిలిన్ ప్రామాణిక చికిత్స అయినా వాళ్లకు ఇవ్వలేదు. ఏం జరుగుతోందో నిజం చెప్పలేదు. ఆ మనుషులు నమ్మి వచ్చింది చాలావరకు యూనిస్ రివర్స్ అనే నర్సును చూసి. తానూ నల్లజాతి మహిళే, వాళ్ల మంచిచెడ్డలు ఆప్యాయంగా చూసుకున్నారు కూడా. రోగికి మన మీద ఉండే నమ్మకాన్ని ఇతరులు ఎలా వాడుకోగలరో ఇంతకంటే చెప్పక్కర్లేదు. పరిశోధనలో ఉన్న రోగికి అది పరిశోధనని తెలుసా, ఎప్పుడైనా తప్పుకోవచ్చని తెలుసా అని అడిగే హక్కు మీకుంది.

రోగులు ఇచ్చే బహుమతులు తీసుకోవచ్చా?

డబ్బు, ఖరీదైన వస్తువులు వద్దు. డిశ్చార్జి రోజు వార్డంతటికీ పంచే మిఠాయిలాంటివాటికి ఆస్పత్రి నియమం చూడండి. ఇవ్వకపోతే సరిగ్గా చూడరేమోనన్న భయంతో ఇస్తున్నారనిపిస్తే చిన్నదైనా తిరిగి ఇచ్చేయాలి.

ఏది సరైనదో తెలుసు, చేయనివ్వడం లేదు. నిద్ర పట్టడం లేదు. ఇది బలహీనతా?

కాదు. దీన్ని నైతిక వేదన అంటారు. నర్సింగ్‌లో ఈ భావనను 1984లో ఆండ్రూ జేమ్‌టన్ అనే తత్వవేత్త ముందుకు తెచ్చారు. ఇక బతకరని తెలిసిన రోగికి బాధపెట్టే చికిత్సలు కొనసాగించాల్సి రావడం, ఒక్కరే ఎక్కువమందిని చూడాల్సి వచ్చి ఎవరికీ న్యాయం చేయలేకపోవడం దీనికి మామూలు కారణాలు. లోపల దాచుకుంటే కొన్నాళ్లకు మొద్దుబారిపోతాం, లేదా వృత్తే వదిలేస్తాం. షిఫ్టు అయ్యాక తోటివాళ్లతో మాట్లాడండి. ఆస్పత్రిలో ఎథిక్స్ కమిటీ ఉంటే విషయం అక్కడికి తీసుకెళ్లమని అడగండి. సిబ్బంది కొరతైతే ప్రతిసారీ రాతపూర్వకంగా తెలియజేయండి.

నేను విద్యార్థిని. సీనియర్ తప్పు చేస్తుంటే ఏం చేయాలి?

రోగికి అప్పటికప్పుడు ప్రమాదం ఉంటే నోరు విప్పాలి. 'సిస్టర్, ఒక్క నిమిషం, ఈ రోగికి పెన్సిలిన్ అలర్జీ అని చార్టులో చూశాను' అంటే చాలు, వాదన అక్కర్లేదు. అంత అత్యవసరం కాకపోతే రోగి ముందు కాకుండా పక్కకు వచ్చాక అడగండి. అడిగేటప్పుడు నేర్చుకునే ధోరణిలోనే అడగండి, ఒక్కోసారి మనకు తెలియని కారణం ఉంటుంది. సమాధానం సరిగ్గా అనిపించకపోతే ఆ రోజే మీ టీచరుకు చెప్పండి. తేదీ, సమయం, మీరు కళ్లతో చూసింది మాత్రమే చెప్పండి. విన్నదీ ఊహించిందీ కలపకండి. మార్కులు పోతాయన్న భయం ఉంటే ఆ మాట కూడా టీచరుతో అనేయండి. ఆ భయాన్ని విని మీకు అండగా నిలవాల్సిన బాధ్యత నేర్పేవాళ్లది.